హెక్లా కొండను ఒంటరిగా ఎక్కాలంటే



అగ్నిపర్వతం అనగానే మనకు సాంఘిక శాస్త్రం పుస్తకంలోని బొమ్మ గుర్తొస్తుంది. శంఖువులాంటి కొండ, మధ్యలో ఎర్రటి గొట్టం, పైన పొగ. ఆ బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు పడతాయి. కానీ అలాంటి కొండను ఒక మనిషి ఒక్కడే, ఒక్క రోజులో ఎక్కి దిగాలంటే ఏం తెలిసి ఉండాలో ఆ బొమ్మ చెప్పదు. నేను ఇప్పుడు పి.జి.లో భూగర్భ శాస్త్రం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మా అమ్మ దీన్ని "రాళ్ల చదువు" అంటుంది. ఈ చదువులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన కొండ ఐస్‌లాండ్ దేశంలోని హెక్లా. నేను దాన్ని చూడలేదు, చదివి తెలుసుకున్నదే రాస్తున్నాను.

హెక్లా ఎత్తు 1,491 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఇంతకంటే ఎత్తైన శిఖరాలున్నాయి. కాబట్టి ఎత్తు చూసి భయపడాల్సిన పనిలేదు. 1104లో ఇది పేలినప్పుడు దగ్గరి లోయలోని పొలాలు, ఇళ్లు బూడిద కింద పూడిపోయాయి. ఆ తర్వాత యూరపులో చాలామంది దీన్ని నరకానికి ద్వారం అని నమ్మారు. 1750లో ఎగ్గెర్ట్ ఓలాఫ్సన్, బ్యార్ని పాల్సన్ అనే ఇద్దరు చదువుకున్నవాళ్లు శిఖరం దాకా ఎక్కి క్షేమంగా దిగారు.

ఇప్పుడు వేసవిలో వాహనం కొండ పక్కనున్న లావా మైదానం దాకా పోతుంది. అక్కడి నుంచి నడకే. చెట్టు నీడ ఉండదు, దారిలో తాగునీరు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకూడదు. అడుగు వేస్తే జారే బూడిద కంకర, పైకి పోయేకొద్దీ మంచు. పొగమంచు కమ్మితే పది అడుగుల ముందు ఏముందో కనపడదు. ఎక్కి దిగడానికి మామూలు మనిషికి ఆరేడు గంటలు పడుతుంది. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి.

చాలా అగ్నిపర్వతాలు పేలేముందు రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి చిన్న చిన్న భూకంపాలతో హెచ్చరిస్తాయి. హెక్లా అలా కాదు. మామూలు రోజుల్లో అక్కడ భూకంపాలు దాదాపు ఉండవు. 1970, 1980, 1991, 2000 సంవత్సరాల్లో పేలినప్పుడు మొదటి భూకంపానికీ పేలుడుకూ మధ్య దొరికిన సమయం సుమారు అరగంట మొదలుకొని గంటా ఇరవై నిమిషాల వరకే. 2000 ఫిబ్రవరి 26న శాస్త్రవేత్తలు యంత్రాల్లో ఆ కదలికలు చూసి, పేలకముందే ప్రజలకు చెప్పగలిగారు. అది గొప్ప విజయమే. కానీ లెక్క వేయండి. శిఖరం నుంచి వాహనం దాకా దిగడానికే రెండు గంటలకు పైగా కావాలి. పైగా హెక్లా పేలేది ఒక్క రంధ్రంలోంచి కాదు, శిఖరం పొడవునా ఉన్న సుమారు ఐదున్నర కిలోమీటర్ల చీలిక తెరుచుకుంటుంది. నడిచే దారి చివరికి చేరేది ఆ చీలిక మీదికే. అంటే ఫోనుకు హెచ్చరిక అందినా మనిషి ఇంకా కొండమీదే ఉంటాడు. అప్పుడు చేయవలసింది ఒక్కటే. గాలి ఎటు వీస్తోందో చూసి, బూడిద పడే దిక్కుకు అడ్డంగా తప్పుకుంటూ దిగడం. పల్లపు గుంటల్లోకి మాత్రం దిగకూడదు. బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువైనది, గుంటల్లో నిలిచిపోతుంది. 1947 పేలుడు తర్వాత అలాంటి గుంటల్లోకి దిగిన గొర్రెలు ఊపిరాడక చనిపోయాయి. అదే ఏడాది నవంబరులో స్టెయిన్‌థోర్ సిగుర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త లావా ప్రవాహాన్ని పరిశీలిస్తుండగా, వేడి రాయి తగిలి మరణించారు. తెలిసినవాడికీ ప్రమాదం తప్పలేదు.

ఇక ఒంటరితనం సంగతి. పేలుడు విషయంలో పక్కన పదిమంది ఉన్నా ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. లావా జనాన్ని లెక్కపెట్టదు. ఒంటరివాడికి అసలు ప్రమాదం చీలమండ దగ్గర ఉంది. జారే కంకరలో కాలు మడత పడితే, తోడున్నవాడికి అది నొప్పి, తోడు లేనివాడికి అది రాత్రంతా చలిలో పడి ఉండటం. పేలుడు ఎన్నో ఏళ్లకొకసారి వస్తుంది, కాలు మాత్రం ఏ రోజైనా మడత పడవచ్చు. అందుకే ఐస్‌లాండ్‌లో ఒంటరిగా వెళ్లేవాళ్లు ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ముందే నమోదు చేసి వెళ్లమంటారు. వెతకాల్సి వస్తే స్వచ్ఛంద రక్షక దళాలు బయలుదేరతాయి. మనం ఊరికి పోయేటప్పుడు హాస్టల్ రిజిస్టరులో రాసి సంతకం పెట్టేది ఇలాంటిదే. అప్పుడు దాన్ని విసుగ్గా చూసేవాళ్లం.

మనలో ఎవరైనా భూగర్భ శాస్త్రం, అటవీ శాఖ, సర్వే పనుల వైపు వస్తే కొండల్లో ఒంటరిగా తిరిగే రోజులు తప్పవు. మన దగ్గర లావా రాయి చూడాలంటే ఐస్‌లాండ్ దాకా పోనక్కర్లేదు. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్నది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన దక్కన్ లావాయే. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లోనూ ఆ కాలపు రాయి ఉంది. అవి చల్లారినవి, మళ్లీ పేలవు. అక్కడ చూసుకోవలసింది ఎండ, నీళ్ల సీసా, క్వారీ అంచు.

హెక్లా 2000 తర్వాత ఇంతవరకు పేలలేదు. కానీ దాని కింద శిలాద్రవం చేరుతూ నేల ఉబ్బుతోందని కొలతలు చెబుతున్నాయి. దారి మొదట్లో హెచ్చరిక బోర్డు ఉంది. అది చదివి, ప్రతి వేసవిలో జనం ఎక్కుతూనే ఉన్నారు.