క్వార్టర్ నాణెమంత పిట్టకు చలికాలం ఎలా గడుస్తుంది?

మెయిన్, వెర్మాంట్ వైపు ఉండేవారు డిసెంబరులో స్ప్రూస్ చెట్ల కింద కాసేపు ఆగి వినండి. పైనుంచి సన్నగా "సీ సీ సీ" అని వినిపిస్తే అది గోల్డెన్ క్రౌన్డ్ కింగ్‌లెట్ కావచ్చు. పెద్ద వయసువారిలో చాలామందికి ఆ కూత చెవికి అందదు, పిల్లల్ని వెంట తీసుకెళ్లండి! నెత్తిన పసుపు గీత, బరువు 5, 6 గ్రాములు. మీ జేబులోని క్వార్టర్ నాణెం కూడా అంతే తూగుతుంది.

ఇది పురుగులు తిని బతికే పిట్ట. మరి మంచు కురిసే అడవిలో పురుగులెక్కడివి? వెర్మాంట్ విశ్వవిద్యాలయ జీవశాస్త్రవేత్త బెర్న్డ్ హైన్రిక్ మెయిన్ అడవిలో ఈ సంగతే వెతికారు. కొమ్మలకు అంటుకుని గడ్డకట్టిన చిన్న చిన్న గొంగళిపురుగులు దొరికాయి. పిట్ట పగలంతా వాటినే ఏరుకు తినాలి. కడుపు నిండకపోతే తెల్లవారేదాకా ఒంట్లో వేడి నిలవదు. చలి సున్నాకు 30 డిగ్రీలు కిందికి దిగిన రాత్రుల్లో కూడా ఇవి కొమ్మ మీదే ఒకదానికొకటి ఒత్తుకుని, తలలు ఈకల్లో దూర్చుకుని ముద్దగా కూర్చుంటాయి.

అయినా చాలా పిట్టలు వసంతం చూడవు. వేసవిలో ఆడపిట్ట 8, 9 గుడ్లు పెడుతుంది, అదీ తరచుగా రెండు విడతలు. మొదటి పిల్లలు గూడు దాటగానే తల్లి రెండో గూటి పనిలో పడుతుంది. ఈ పిల్లల కడుపు నింపే పని తండ్రిది.