పటపు పొరలలో లోపించు సమాచారము

విద్యార్థి యొకడు హైదరాబాదు పాతబస్తీలోని బావులను వీధివీధి తిరిగి గుర్తించి, వృద్ధులు చెప్పిన పేర్లను తెలుగులోను ఉర్దూలోను వ్రాసికొని, క్యూజిఐఎస్ అను పటరచనా సాఫ్ట్‌వేరులో ఒక పొరగా కూర్చినాడనుకొందము. ఫైలును మిత్రునికి పంపినాడు. మిత్రుడు తెరచి చూడగా ఒక్క బావియు కనబడలేదు. ఇట్టి చోట "ఫైలు చెడిపోయినది" అని తేల్చివేయుట మనకు అలవాటు. విచారింపవలసినది వేరు: సమాచారము రాలేదా, వచ్చియు కనబడుట లేదా, లేక నశించినదా? మూడింటికిని చికిత్స ఒక్కటి కాదు.

రాకపోవుటయే మిక్కిలి సామాన్యము. ప్రాజెక్టు ఫైలులో రంగులు, గుర్తులు, పొరల వరుస ఉండును గాని బావుల వివరములు సాధారణముగా ఉండవు. అవి డిస్కులో ఎక్కడ నున్నవో తెలుపు చిరునామా మాత్రమే ఉండును. తాత్కాలిక పొర యైనచో మెమరీలోనే ఉండి, భద్రపరచక ప్రోగ్రామును మూసినంతనే పోవును. ఇక ఎస్రి సంస్థవారి షేప్‌ఫైలు పేరునకు ఒకటియే గాని నిజమునకు ఫైళ్ల గుంపు. ఎస్‌హెచ్‌పి అను దానిలో ఆకారములు, ఎస్‌హెచ్‌ఎక్స్‌లో వాని సూచిక, డిబిఎఫ్‌లో పేర్ల పట్టిక. మొదటి దానిని మాత్రమే పంపి పేర్లేవి యని అడిగినచో ప్రయోజనము లేదు. ఒకే పేరు గల ఫైళ్లన్నిటిని కలిపి జిప్ చేసి పంపవలెను.

వివరముల పట్టికను తెరచినప్పుడు వరుసలు కనబడుచు, పటము ఖాళీగా ఉన్నచో సమాచారము వచ్చినట్లే. పిఆర్‌జె అను ఫైలు లోపించి, అక్షాంశ రేఖాంశ పద్ధతిని మిత్రుడు ఊహించి పెట్టియుండవచ్చును. హైదరాబాదు యుటిఎం పద్ధతిలో 44వ మండలమునకు చెందినది. దానిని 43 అని పెట్టినచో ప్రతి బావియు 6 డిగ్రీలు పడమరకు జరిగి, కొంకణ తీరమునకు ఆవల అరేబియా సముద్రములో తేలును! మండలము సరిచేసినంతనే బావులు పాతబస్తీకి తిరిగి వచ్చును.

అక్షరముల సంగతి ఇంత సులువు కాదు; మన రెండు భాషల వారికి నష్టము కలుగునది ఇక్కడనే. పేర్ల స్థానమున పిచ్చిగీతల వంటి లిపి కనబడినచో భయపడనక్కరలేదు. అక్షరసంకేతమును తెలుపు సిపిజి ఫైలు రాలేదన్నమాట. పొర లక్షణములలో సంకేతమును యుటిఎఫ్-8 అని మార్చినచో చాలవరకు సరిపోవును. కాని వరుసగా ప్రశ్నార్థకములే కనబడినచో, తెలుగు గాని ఉర్దూ గాని పట్టని సంకేతములో ఎవరో దానిని భద్రపరచియుందురు. అక్షరములు నశించినవి, ఆ ప్రతినుండి ఏ మార్పు చేసినను అవి రావు.

కొలత చిక్కు మరియొకటి. డిబిఎఫ్‌లో నిలువు వరుస శీర్షికకు 10 బైట్లు, వచన గడికి 254 బైట్లు మాత్రమే చోటు. యుటిఎఫ్-8లో ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు, తెలుగు చిహ్నమునకు 3. ఉర్దూలో "కువాఁ" అను శీర్షిక 5 అక్షరములతో సరిగా 10 బైట్లలో ఇముడును. తెలుగు "బావి"కి గుణింతములు కలిపి 4 చిహ్నములు, 12 బైట్లు, ఇమడదు. "స్త్రీ" అను ఒక్క అక్షరమే 18 బైట్లు! దీర్ఘమైన వివరణ వ్రాసిన గడిలో చివరి మాటలు తెగిపోవుటకు ఇదియే కారణము.

అందుచే మన లిపులలో పేర్లున్న పొరను జియోప్యాకేజి రూపములో పంపుట మేలని నా అభిప్రాయము. అన్నియు ఒకే ఫైలులో ఉండును, శీర్షికకు ఆ 10 బైట్ల హద్దు లేదు. అయితే తెరచియుండగా నకలు తీయరాదు. ఇటీవలి మార్పులు ప్రక్కనున్న తాత్కాలిక ఫైలులోనే ఉండిపోవచ్చును. మూసి, నకలు తీసి, మరియొక కంప్యూటరులో తెరచి, వరుసల సంఖ్య సరిచూచి, రెండు భాషలలోను కొన్ని పేర్లు చదివి చూచిన పిమ్మటనే మిత్రునికి పంపవలెను. వృద్ధుల ఎదుట కూర్చుండి వ్రాసికొన్న నోటుపుస్తకమును మాత్రము అప్పటికిని పారవేయరాదు.