షెడ్డు నుంచి వచ్చిన బండి మొరాయిస్తే

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలంలో మైపాడు దగ్గర పల్లె. రెండు నెలల కిందట రాత్రిపూట బర్రె అడ్డొచ్చి మా కారు ముందు ఎడమవైపు నొక్కుకుపోయింది. నెల్లూరులో ఒక షెడ్డులో టింకరింగు, పెయింటింగు చేయించి 26,000 రూపాయలు కట్టాను. బండి ఇంటికొచ్చిన మూడో రోజు నుంచి పొద్దున్నే సెల్ఫ్ తిరగడం లేదు. ఎడమ ఇండికేటర్ వేస్తే ఆ పక్క హెడ్‌లైటు మసకబారుతోంది. షెడ్డు వాళ్లనడిగితే ‘సముద్రం పక్క బండి, ఉప్పుగాలికి వైరింగంతా పోయింది, మార్చాలంటే ఇంకో 18,000’ అంటున్నారు. ఒప్పుకోకపోతే బండి చూసినందుకు 3,000 కట్టి తీసుకుపొమ్మంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ వైరింగు ఇప్పుడు మార్చనివ్వకండి. మీ కేసుకు అసలు సాక్ష్యం ఆ పాత వైర్లే. అవి పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరాక మీ మాటకు బలం ఉండదు.

ఇక చట్టం సంగతి. డబ్బు తీసుకుని చేసిన మరమ్మతు, వినియోగదారుల రక్షణ చట్టం–2019 ప్రకారం ‘సేవ’. ఆ పనిలో ఉండాల్సిన నాణ్యత లేకపోయినా, నిర్లక్ష్యం వల్ల మీకు నష్టం జరిగినా, చెప్పాల్సిన విషయాన్ని కావాలని దాచినా సెక్షన్ 2(11) దాన్ని సేవాలోపం అంటుంది. కాంట్రాక్టు చట్టం–1872 సెక్షన్ 151 ఇంకో బాధ్యత కూడా పెట్టింది. తనకు అప్పగించిన వస్తువును, వివేకం ఉన్న మనిషి సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. బండి తాళం చేతికి తీసుకున్న క్షణం నుంచి షెడ్డు యజమానికి ఇది వర్తిస్తుంది.

అయితే ‘మరమ్మతు తర్వాత చెడింది’ అన్నంత మాత్రాన కేసు నిలబడదు. ‘మరమ్మతు వల్ల చెడింది’ అని మీరే చూపించాలి. ఇలాంటి ఫిర్యాదులు చాలావరకు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే.

ఉప్పుగాలా, చేతిపనా?

షెడ్డు వాళ్ల మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా తీరంలో తిరిగే బండ్ల కనెక్టర్లకు పచ్చటి చిలుము పట్టడం నిజం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగింది. అలాంటి వరదనీటిలో మీ బండి ఎప్పుడైనా మునిగి ఉంటే ఆ సంగతి దాచకండి.

కానీ ఉప్పు తుప్పు నెమ్మదిగా, బండి అంతటా పాకుతుంది. మీ బండిలో తేడా మూడు రోజుల్లో వచ్చింది. లైటు తేడా పనిచేసిన ఎడమ మూలలోనే కనబడుతోంది. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు మసకబారడం, ఆ రెండింటికీ కలిసి ఉండే ఎర్తింగు సరిగా అందడం లేదనడానికి గుర్తు. పెయింటు వేశాక, ఎర్త్ బోల్టు కింద ఇనుమును గీకి శుభ్రం చేయకుండా పెయింటు మీదే బిగిస్తే కరెంటుకు దారి దొరకదు. రెంచితో పది నిమిషాల పని అది. బ్యాటరీ టెర్మినల్ తీయకుండా వెల్డింగు చేస్తే కంట్రోల్ యూనిట్లు దెబ్బతినవచ్చు. బంపర్ బిగించేటప్పుడు వైరు నలిగినా, మాడిన ఫ్యూజు స్థానంలో ఎక్కువ ఆంపియర్లది పెట్టినా తప్పు పనిచేసినవాళ్లదే.

వేరే ఎలక్ట్రీషియన్ చేత ఈ కొలతలు తీయించండి. పూర్తిగా చార్జయిన మంచి బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు చూపిస్తుంది. నడిచేటప్పటి లెక్క సరిగా ఉంటే ఆల్టర్నేటర్ మంచిదే. బండి ఆపి కొంతసేపు వదిలేశాక కూడా 50 మిల్లీఆంపియర్లకు బాగా మించి కరెంటు పోతుంటే ఎక్కడో ఏదో ఆగకుండా పనిచేస్తోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏ లైన్లో పోతోందో తేలిపోతుంది. ఆ అంకెలు, ఫోటోలు, తన అభిప్రాయం కలిపి ఎలక్ట్రీషియన్ సంతకంతో కాగితం మీద తీసుకోండి. ఫలానా రోజు పరీక్ష, మీరూ రండి అని షెడ్డుకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. రాకపోతే అది వాళ్ల ఇష్టం, మీ నిజాయితీ మాత్రం రికార్డులో ఉంటుంది.

బండి ఆపేస్తే?

కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం మెకానిక్ తాను చేసిన పనికి న్యాయంగా రావాల్సిన కూలి అందేదాకా బండిని ఆపుకోవచ్చు. మీరు చేయమనని పనికో, తన పనిలోని లోపం తానే వెతికినందుకో ఈ హక్కు ఉందనడం కష్టం. అయినా షెడ్డు ముందు గొడవపడకండి. బండి ముఖ్యం కాబట్టి ఆ 3,000 యూపీఐలో కట్టి, బిల్లు మీద ‘అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం చేయండి. తర్వాత అదీ అడగవచ్చు.

బిల్లు ఇచ్చేది లేదంటే? బిల్లు ఇవ్వకపోవడమే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. పాత సామాను బాగుచేసి కొత్తదని అమ్మడం కూడా అంతే. అందుకే మార్చిన పాత భాగాలు అడిగి తెచ్చుకోండి.

ఫిర్యాదు ఎలా?

మొదట షెడ్డుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. తేదీలు, లోపాలు, పరీక్ష ఫలితం చెప్పి 15 రోజుల్లో ఉచితంగా సరిచేయమని అడగండి. బదులు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా తగాదాలకు అక్కడే రాజీ కుదురుతుంది.

అప్పటికీ తెగకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉన్న కేసులు అక్కడికే వెళ్తాయి. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. షెడ్డు వేరే జిల్లాలో ఉన్నా మీరుండే చోటే ఫిర్యాదు వేయవచ్చు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్ల గడువు. విచారణ ప్రధానంగా అఫిడవిట్లు, కాగితాల మీదే జరుగుతుంది. కమిషన్ డబ్బు వాపసు, నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించగలదు. ఆ ఆదేశం పాటించకపోతే సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000కు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాగితాలు రాయడం కష్టమైతే 15100కు ఫోన్ చేయండి, న్యాయసేవాధికార సంస్థ దారి చూపుతుంది.

చివరగా మీకూ, ఈ శీర్షిక చదివే అందరికీ ఒక మనవి. ఈసారి షెడ్డులో తాళం ఇచ్చేముందు లైట్లన్నీ వేసి, సెల్ఫ్ కొట్టి, డాష్‌బోర్డు కనబడేలా ఫోన్లో వీడియో తీయండి. జాబ్ కార్డు మీద ‘సెల్ఫ్, లైట్లు పనిచేస్తున్నాయి’ అని రాయించి మెకానిక్ సంతకం తీసుకోండి. ఆ ఒక్క వాక్యం మీ దగ్గర ఉండి ఉంటే, ఇవాళ నేరం ఉప్పుగాలి మీదికి నెట్టడం అంత తేలిక అయ్యేది కాదు.