చెంచాని వెనక్కి తిప్పితే

"వాడు నోట్లో వెండి చెంచాతో పుట్టాడ్రా" అని మన క్లాసులో కూడా ఎవరినో ఒకర్ని అంటూనే ఉంటాం. మాట ఇంగ్లీషుది, చెంచా కూడా వాళ్ళదే. అక్కడి దొరల ఇళ్ళల్లో వడ్డించడానికి అడుగు పొడవుండే వెండి చెంచాలు వాడేవారు. అలాంటిది చేతికొస్తే ముందు వెనక్కి తిప్పండి. చదవాల్సింది అక్కడుంటుంది.

నడుస్తున్న సింహం ఉంటే స్టెర్లింగ్ వెండి, అంటే వెయ్యికి 925 పాళ్ళు. మిగతాది ఎక్కువగా రాగి. స్వచ్ఛమైన వెండి మరీ మెత్తన, మెటలర్జీ వాళ్ళకి చెప్పక్కర్లేదు. చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్ష చేశారని. 1821 దాకా ఆ తలకి కిరీటం ఉండేది. విడిగా ఉన్న ఒక్క అక్షరం ఏ ఏడాదో చెబుతుంది. పొడి అక్షరాలు కంసాలివి. రాజుదో రాణిదో తల కూడా ఉంటే 1784కీ 1890కీ మధ్యది, సర్కారుకి పన్ను కట్టిన రసీదన్నమాట.

ఇక యజమాని. కాడ చివర చెక్కిన పక్షో, జంతువు తలో ఆ వంశం గుర్తు. దాన్ని చూసి ఫలానా ప్రభువుదే అని తేల్చెయ్యకూడదు. ఒకే గుర్తుని చాలా కుటుంబాలు వాడాయి. పాతది చెరిపి కొత్తది చెక్కించుకున్నవాళ్ళూ ఉన్నారు. చెరిపిన చోట లోహం పల్చబడి వేలికి తెలుస్తుంది. అమ్మేవాడు ధర పెంచేది ఈ గుర్తు చూపించే, కాబట్టి ఇక్కడే జాగ్రత్త.

ఇప్పుడు మన అరకు కొండల గరిటె చూడండి. ఎండిన ఆనపబుర్రని కోసి చేస్తారు, చోడి అంబలి తోడడానికి. వేడి విషయంలో వెండి కంటే ఇదే నయం. లోహాలన్నిట్లో వేడిని బాగా మోసేది వెండే. కాగే గంజిలో ఉంచితే కాడ దాకా చురుక్కుమంటుంది. బుర్ర పెంకు అంత తొందరగా వేడిని పాకనివ్వదు.

కానీ బుర్ర గరిటెని తిప్పితే వెనక ఏమీ ఉండదు. ఏ ఊరో, ఏ ఏడో, ఎవరి చెయ్యో తెలీదు. పగిలితే పెరట్లోకి పోతుంది. లండన్ కంసాలి రెండొందల ఏళ్ళయినా పొడి అక్షరాలతో దొరుకుతాడు, కొండ మీద గరిటె చేసినవాళ్ళు దొరకరు. నాకు మింగుడుపడనిది ఇదే.

అరకు గిరిజన మ్యూజియంలో కొండవాళ్ళ ఇంటి సామాన్లు పెట్టారు. ఈసారి ట్రిప్‌లో సెల్ఫీలయ్యాక వాటి దగ్గర కాసేపు ఆగండి. సంతలో బుర్ర కొంటే, అమ్మినావిడని ఏ ఊరమ్మా, ఎవరు కోశారు అని అడగండి. చెబితే, తేదీతో సహా ఓ చీటీ మీద రాసి ఆ బుర్రలోనే పెట్టండి.