దూరపు నిల్వ వేగమును కొలుచుట

ఒక పెద్ద కంప్యూటరులో పెక్కు కంప్యూటర్లున్నవా యనునట్లు సాఫ్టువేరు నడపునట్టి వానిని వర్చువల్ మెషీన్లు, అనగా కల్పిత యంత్రములు, అందురు. అట్టి యంత్రమునకు డిస్కుగా కనబడునది సాధారణముగా ఒక పెద్ద ఫైలు మాత్రమే. ఆ ఫైలు వేరొక సర్వరులో నుండి నెట్‌వర్కు ద్వారా అందుటయు కలదు. దూరపు ఫైళ్ళ నందుకొనుటకు 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు రూపొందించిన ఎన్.ఎఫ్.ఎస్. పద్ధతి నేటికిని ఇందులకు వాడుకలో నున్నది.

ఈ నిల్వ వేగమును కొలుచుటకు ఒక పెద్ద ఫైలును వ్రాసి, సెకనుకు ఇన్ని మెగాబైట్లని చెప్పుట పలువురు చేయు పని. గిగాబిట్ తీగలో సెకనుకు 100 కోట్ల బిట్లు పోవును. 8చే భాగించిన 125 మెగాబైట్లు. ఫలితము దీనికి దగ్గరగా వచ్చినచో సంతసింతుము. కాని బండెడు ధాన్యము నొక్కమారు తెచ్చుట వేరు, నూరుమారులు అంగడికి పోయి చిటికెడు ఉప్పు తెచ్చుట వేరు. కల్పిత యంత్రములు తరచుగా అడుగునవి 4 కిలోబైట్ల వంటి చిన్న ముక్కలు, అవియు ఇక్కడొకటి అక్కడొకటి. నిమిషమునకు 7200 మారులు తిరుగు డిస్కునకు ఒక చుట్టు 8.3 మిల్లీసెకన్లు. సగటున సగము చుట్టు వేచియుండవలెను. చదువు భాగము తగినచోటికి జరుగు కాలము అదనము. ఇట్లు సెకనుకు నూరు పనులు మించుట కష్టము. నూరు నాలుగులు నాలుగువందల కిలోబైట్లు! 125 మెగాబైట్లెక్కడ, ఇదెక్కడ?

పరీక్షించు ఫైలు సర్వరు మెమరీకంటె చిన్నదైనచో, డిస్కును ముట్టకయే జవాబు వచ్చును. ఫైలునిండ సున్నలే యున్నచో, కుదించి దాచు నిల్వలో వ్రాయబడునది దాదాపు శూన్యము. కావున ఫైలు మెమరీకి రెట్టింపైన నుండుట మేలు. అందు క్రమము లేని అంకెలుండవలెను. ఎఫ్.ఐ.ఓ. అను పరికరముతో ఇవన్నియు మనమే నిర్ణయింపవచ్చును.

అన్నిటికంటె మేము గట్టిగా చెప్పదలచినది రసీదు సంగతి. లినక్స్ సర్వరులో సింక్, ఎసింక్ అను రెండమరికలు కలవు. మొదటిదానిలో విషయము డిస్కు చేరిన పిదపనే "వ్రాసితిని" అను జవాబు వచ్చును. రెండవదానిలో చేరకమునుపే వచ్చును. పరీక్షలో రెండవదే మిక్కిలి వేగముగ కనబడును. పాఠశాల మార్కుల పట్టిక అట్టి నిల్వలో నున్నదనుకొనుడు. అంతలో కరెంటు పోయినచో, ఉపాధ్యాయుడు నమోదు చేసితినని నమ్మిన మార్కులు ఎక్కడను ఉండవు. తల్లిదండ్రు లెవరి నడుగవలెను? అందుచే ఏ అమరికతో కొలిచిరో చెప్పని అంకెను మేము లెక్కలోనికి తీసికొనము. నిజముగ వేగము కావలసినవారు, కరెంటు పోయినను విషయమును నిలుపుకొనగల ఎస్.ఎస్.డి.ని సర్వరునకు చేర్చి, సింక్ అమరికతోనే మరల కొలుతురు.