నెపోలియన్ నిజముగా పొట్టివాడా?

విద్యార్థులారా! ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్ ఎట్టివాడని అడిగినచో, మీలో పలువురు “మహావీరుడు, కాని పొట్టివాడు” అని చెప్పుదురు. మొదటి మాటకు చరిత్రయే సాక్ష్యము. రెండవ మాట లోకములో నాటుకొనుటకు ముఖ్యకారణము ఆంగ్లేయుల వ్యంగ్యచిత్రములు.

అట్టి చిత్రములు గీచినవారిలో లండను నగరవాసి జేమ్స్ గిల్‌రే (1756–1815) అగ్రగణ్యుడు. అతడు మైనపుపూత పూసిన రాగిరేకుపై సూదితో బొమ్మ గీచి, దానికి ఆమ్లము పట్టించెడివాడు. సూది తాకినచోట రాగి కరిగి గాడి యేర్పడును. గాడులలో సిరా నింపి కాగితముపై అచ్చొత్తి, పిమ్మట చేతితో రంగులు వేయుదురు. హన్నా హంఫ్రీ అను నామె సెయింట్ జేమ్స్ వీధిలోని తన అంగడిలో వీనిని అమ్మెడిది. కొనలేనివారును కిటికీయెదుట గుమిగూడి చూచి నవ్వుకొనెడివారు.

1803లో ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ యుద్ధము మరల రగుల్కొనెను. సముద్రము దాటి దండెత్తుటకు నెపోలియన్ బులోన్ రేవు చెంత సైన్యమును కూర్చసాగెను. ఆంగ్లేయులు భయపడిరి. ఆ యేడే గిల్‌రే, గలివరు కథ ననుసరించి యొక చిత్రమును వెలువరించెను. అందు మూడవ జార్జి రాజు మహాకాయుడు. అతని అరచేతిలో బొమ్మవంటి నెపోలియన్! రాజు దుర్భిణితో అతనిని పరీక్షించుచుండును. భయపెట్టువానిని చిన్నవానిగా చూపినచో, చూచువారి భయము తగ్గును. అందుకే ఆ చిత్రము పుట్టినది.

1805 నాటి మరియొక చిత్రములో భూగోళము పుడ్డింగు అను తీపివంటకమై బల్లపై నుండును. ఆంగ్ల ప్రధాని పిట్ సముద్రమును, నెపోలియన్ ఐరోపాను కోసికొనుచుందురు. ఇందు స్వదేశపు ప్రధానియొక్క ఆశను కూడ గిల్‌రే విడువలేదు. అయినను అతడు 1797 నుండి ఆంగ్ల ప్రభుత్వమువలన భృతి పొందినవాడేయని మరువరాదు.

ఇక సత్యమేమి? 1821లో నెపోలియన్ మరణించినపుడు కొలువగా, ఫ్రెంచి కొలతలో 5 అడుగుల 2 అంగుళములు ఉండెను. నాటి ఫ్రెంచి అంగుళము ఆంగ్లేయుల అంగుళముకంటె పెద్దది. కావున ఆంగ్లేయుల లెక్కలో అది సుమారు 5 అడుగుల 6 అంగుళములు, అనగా 168 సెంటీమీటర్లు. ఆ కాలపు ఫ్రెంచివారిలో ఇది తక్కువ ఎత్తు కాదు. కొలతల భేద మెరుగనివారికి ఆ సంఖ్యయు చిత్రములకే సాక్ష్యమైనది.

అన్యభాషలవారి నడుమ పెరుగుచున్న మనకు ఈ విషయము మిక్కిలి అవసరము. మన యాసను అనుకరించి నవ్వువారు కలరు. పొరుగువారి మాటతీరును పట్టి మనమును నవ్వుదుము. నవ్వుట తప్పు కాదు. కాని నవ్వించుటకు పెంచిన గీతను నిజమని నమ్మినచో, ఎదుటివాని నెన్నడును తెలిసికొనజాలము. కావున ఏ వ్యంగ్యచిత్రమును చూచినను ముందు నవ్వుడు. పిదప ఎవరు గీచిరి, ఎవరి కొరకు గీచిరి, ఏది పెంచిరి, ఏది విడిచిరి అని విచారింపుడు.