పాలసీసాను మరిగించడం ఎప్పుడు మానవచ్చు?

పసిబిడ్డకు సీసాతో పాలు పట్టే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "బిడ్డకు ఎనిమిదో నెల వచ్చింది. నేలమీద పాకుతున్నాడు. దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. ఇంకా ఈ సీసాలు మరిగించడం దేనికండీ?" అని. ప్రశ్న సహేతుకమైనదే. ఏడాది నిండేవరకు మరిగించవలెనన్నది దీనికి నా సమాధానం. అయితే కారణం తెలియని నియమం ఎక్కువ కాలం నిలవదు. అందుచేత కొందరు నాలుగో నెలలోనే విసిగి మానివేస్తారు. మరికొందరు సీసాను సరిగా కడగకుండానే రెండేళ్ళపాటు మరిగిస్తూ, బిడ్డకు రక్షణ కల్పించామని నమ్ముతారు. ఈ రెండూ హానికరములే.

ముందుగా ఒక మాట. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ, మంచినీళ్ళు కూడా, అవసరం లేదు. తల్లిపాలు చాలనప్పుడు, తల్లి అనారోగ్యంతో ఉన్నప్పుడు, లేదా ఉద్యోగానికి వెళ్ళక తప్పనప్పుడు మాత్రమే ఇతర మార్గాలు వెదకవలెను. పాలసీసాల ప్రకటనలను నిషేధిస్తూ మన దేశంలో 1992లో చట్టం చేశారు. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. సీసావలన పసిబిడ్డలకు కలిగే హాని అంతటిదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

నేలమీది క్రిమి వేరు, పాలలోని క్రిమి వేరు

పాకే బిడ్డ నోట్లోకి నేలమీది క్రిములు వెళ్ళడం నిజమే. కాని పొడిగా ఉన్న నేలమీద, బొమ్మమీద క్రిములు సాధారణంగా పెరగవు. పాలు అట్లు కాదు. అందులో తీపి ఉన్నది, మాంసకృత్తులు ఉన్నవి, తేమ ఉన్నది. క్రిములకు అంతకంటె మంచి ఆహారం లేదు. అనుకూలమైన వేడిలో కొన్నిరకాల క్రిములు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్క క్రిమి ఆరు గంటలలో రెండున్నర లక్షలు దాటుతుంది. మన ఎండాకాలంలో వంటింటి గట్టుమీద వదలిన సీసాలో జరిగేది ఇదే.

అన్ని పాత్రలలోను సీసాయే ఎందుకు ప్రమాదకరం? దాని మెడ సన్నగా ఉంటుంది, చేయి లోపలికి పోదు. మూత బిగించే మరలలోను, పీక అంచు మడతలోను, పీక రంధ్రంలోను పాలు నిలుస్తాయి. అవి ఆరి పలుచని పొరగా అంటుకుంటాయి. ఆ పొర క్రింద క్రిములు దాగి ఉంటాయి. పైగా పాలపొడి డబ్బాలో ఉన్నది పూర్తిగా క్రిమిరహితమైన పదార్థం కాదు. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన సూచనలలో, మరిగించిన నీరు 70 డిగ్రీలకంటె చల్లారకముందే పొడిని కలపవలెనని, ఆపై బిడ్డ తాగగలిగినంత చల్లార్చి పట్టవలెనని, రెండు గంటలలోపల వాడని పాలను పారబోయవలెనని చెప్పింది. బిడ్డ తాగగా మిగిలిన పాలను మరల పట్టనే కూడదు.

శాస్త్రంలోని వయోవిభాగం

సుశ్రుతసంహిత బాల్యాన్ని మూడుగా విభజించింది. ఏడాదివరకు శిశువు క్షీరపుడు, అనగా పాలే ప్రధానాహారంగా గలవాడు. రెండేళ్ళవరకు క్షీరాన్నాదుడు, పాలు, అన్నం రెండూ తినేవాడు. ఆపైన అన్నాదుడు. మొదటి ఏడాదిలో జఠరాగ్ని ఇంకా బలపడలేదు, ధాతువులు సుకుమారంగా ఉంటాయి. పెద్దవారికి ఒక పూట కడుపునొప్పితో పోయే దోషం శిశువును రెండు రోజులలో నీరసింపజేస్తుంది. ఏడాది అన్న గడువు ఈ దృష్టితో చూస్తే సమంజసంగానే కనిపిస్తుంది.

విదేశాలలో పిల్లలున్న కుటుంబాలలో మరొక సందేహం వింటుంటాను. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ కనీసం 12 నెలలు సీసాను క్రిమిరహితం చేయుమంటుంది. అమెరికాలోనేమో రెండు నెలలలోపు శిశువులకు, నెలలు నిండక పుట్టినవారికి, రోగనిరోధకశక్తి తక్కువైనవారికి రోజుకొకసారి చేయడం ముఖ్యమని, అంతకంటె పెద్ద ఆరోగ్యవంతులైన బిడ్డలకు ప్రతిసారి శ్రద్ధగా కడిగితే అది అవసరం కాకపోవచ్చునని చెబుతారు. అక్కడి కూతురు మాట విని ఇక్కడి కోడలు మానివేయరాదు. అక్కడి సలహా అక్కడి కుళాయినీటిని, అక్కడి వసతులను దృష్టిలో ఉంచుకొని ఇచ్చినది. రోజు విడిచి రోజు వచ్చే నీటిని తొట్టిలో నిలవచేసుకునే మన ఇళ్ళకు 12 నెలల నియమమే క్షేమం.

మొదట కడగడం, తరువాత మరిగించడం

ఒక ఇంట పదినెలల బిడ్డకు రెండు నెలలలో మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నవి. పళ్ళు వస్తున్నందువల్ల అన్నారు అత్తగారు. నీరు మారినందువల్ల అన్నది కోడలు. నేను సీసాను తెప్పించి పీకను తిరగదీసి చూశాను. అంచు లోపల పసుపుపచ్చని పొర గట్టిపడి ఉన్నది. "రోజూ మరిగిస్తూనే ఉన్నామండీ" అన్నది ఆ తల్లి. ఆమె చెప్పినది నిజమే. కాని పీకను విప్పి బ్రష్షుతో తోమడం ఆ ఇంట లేదు. పొర తొలగకుండా ఎంత మరిగించినా అందులోని మురికి అక్కడే ఉంటుంది. పీక మార్చి, కడిగే పద్ధతి మార్చి, క్రమంగా గిన్నెకు అలవాటు చేసిన తరువాత ఆ బాధ మరల రాలేదు.

పళ్ళు వచ్చే కాలంలో వ్యాధులు కలుగుతాయని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో చెప్పారు. ఆ వయస్సులోనే బిడ్డ అన్నింటినీ నోట్లో పెట్టుకుంటుంది, తల్లినుండి సంక్రమించిన రక్షణ తగ్గుతుంది. కాని విరేచనాలన్నింటినీ పళ్ళ ఖాతాలో వేసి ఊరుకోరాదు.

శుభ్రపరచే క్రమం ఇది:

1. పాలు పట్టిన వెంటనే సీసాను విప్పి, భాగాలన్నింటినీ చన్నీటితో తొలచవలెను. ఎండనీయరాదు.

2. ఎంగిలి గిన్నెల మధ్య వేయక, వేరే బేసిన్‌లో వేడినీరు, సబ్బు పోసి, సీసాకోసమే ఉంచిన బ్రష్షుతో లోపల, మరలలో తోమవలెను. పీకను తిరగదీసి కడిగి, రంధ్రంగుండా నీటిని పిండవలెను. ఉప్పు, బూడిద, పీచు వాడితే పీకపై గీతలు పడి, ఆ గీతలలో క్రిములు చేరుతాయి.

3. మంచినీటితో కడిగి, మూతగల గిన్నెలో పూర్తిగా మునిగేటట్లు, లోపల గాలిబుడగలు లేకుండా ఉంచి, నీరు తెర్లడం మొదలైన తరువాత 10 నిమిషాలు మరిగించవలెను.

4. నీరు వంచి, మూతపెట్టి ఉంచవలెను. చేతులు సబ్బుతో కడుగుకొని మాత్రమే తీయవలెను. గుడ్డతో తుడవరాదు. గుడ్డలోని క్రిములు మరల అంటుకుంటాయి.

నాలుగైదు సీసాలుంటే ఒకేసారి మరిగించుకోవచ్చు. పగిలిన, జిగటబారిన పీకను వెంటనే పారవేయవలెను. బ్రష్షును కూడ అప్పుడప్పుడు మరిగించవలెను.

వేపాకు నీరు, పసుపునీరు, సాంబ్రాణి ధూపం చాలవా అని కొందరు అడుగుతారు. కాశ్యపసంహితలో ధూపాలను వివరించే అధ్యాయమే ఉన్నది. కాని పొగ పీక రంధ్రంలోని పాలపొరను తొలగించలేదు. ఇక్కడ మరిగే నీటికి ప్రత్యామ్నాయం లేదు. అట్లే ఏడాది నిండని బిడ్డకు పీకను తేనెలో ముంచి ఇవ్వరాదు. తేనెలో ఉండగల కొన్ని సూక్ష్మబీజాలు శిశువు ప్రేగులలో మొలకెత్తి కండరాలను చచ్చుబడేటట్లు చేయగలవు. మరిగించినా ఆ బీజాలు నశించవు.

ఎప్పుడు మానవచ్చు?

ఏడాది నిండి, బరువు సక్రమంగా పెరుగుతూ, ఇంటి భోజనం తినే బిడ్డకు మరిగించడం మానవచ్చు. ఆరో నెలనుండి అన్నానికి వాడే గిన్నె, చెంచా, పళ్ళెం వంటివాటిని సబ్బుతో బాగా కడిగి ఆరబెడితే చాలు. నెలలు నిండక, బరువు తక్కువతో పుట్టిన బిడ్డల విషయంలోను, దీర్ఘవ్యాధి ఉన్నవారి విషయంలోను వైద్యుని సలహా లేకుండా మానరాదు.

మానిన తరువాత కూడ మరల మరిగించవలసిన సందర్భాలున్నవి. క్రొత్త సీసాను మొదటిసారి వాడేటప్పుడు, విరేచనాలు గాని నోటిపూత గాని వచ్చినప్పుడు, వానలకు ఊరి నీరు కలుషితమైనప్పుడు, ప్రయాణాలనుండి తిరిగి వచ్చినప్పుడు ఆ శ్రద్ధ అవసరం. బ్రష్షుతో తోమి కడగడం మాత్రం సీసా ఉన్నంతకాలం మానరాదు.

నిజానికి ఏడాది నిండగానే మానవలసినది సీసానే. మన పెద్దలు వాడిన ముక్కుగల ఉగ్గుగిన్నెలో, మామూలు గిన్నెలో వేలు చేరని మూల లేదు. పాలు ఎక్కడ అంటినదీ కంటికి కనిపిస్తుంది. ఆరో నెలనుండే కొద్దికొద్దిగా గిన్నెతో త్రాగించి, ఏడాదికి, ఆలస్యమైతే ఏడాదిన్నరలోపల, సీసా మాన్పించవలెను. రాత్రి సీసా నోట్లో పెట్టుకొని నిద్రించే బిడ్డకు ముందుపళ్ళు పుచ్చిపోతాయి. కావున ముందుగా పగటి సీసా, చివరగా పడుకునేముందు సీసా తగ్గించుకుంటూ రావచ్చు.

విరేచనాలు పట్టుకుంటే

ఎంత జాగ్రత్తపడినా విరేచనాలు పట్టుకుంటే తల్లిపాలు ఆపరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిపై వ్రాసినంత నీటిలోనే కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టవలెను. వైద్యుడు చెప్పిన మోతాదులో జింకు మందును, విరేచనాలు కట్టినా, 14 రోజులు వాడవలెను. కళ్ళు లోపలికి పోవడం, మూత్రం బాగా తగ్గడం, మలంలో రక్తం, ఎడతెగని వాంతులు, అధిక జ్వరం, బిడ్డ మగతగా ఉండి పాలు త్రాగకపోవడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటివైద్యాలతో కాలయాపన చేయరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఆరు నెలలలోపు బిడ్డ అయితే ఈ లక్షణాలకోసం ఎదురుచూడకుండానే వైద్యునికి చూపించవలెను.